ముత్తాత పేరు ఏ రికార్డుల్లో వెతకాలి?

ప్రశ్న: మా ముత్తాతగారిది బాపట్ల తాలూకా. పేరు, ఊరు తప్ప ఏమీ తెలియవు. వంశవృక్షం ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు పొలం సర్వే నంబరు సంపాదించండమ్మా. పాత దస్తావేజులోనో, శిస్తు రసీదులోనో ఉంటుంది. పాత రికార్డుల్లో ఇంటిపేరు తరచూ ఒక్క అక్షరమే. పేరుతో వెతికితే ఊళ్లో నలుగురు వెంకయ్యలు తేలతారు. ఆ నంబరుతో తహసీల్దారు ఆఫీసులో ఆర్‌.ఎస్‌.ఆర్‌. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే సర్వే నంబర్ల వారీ పాత భూమి రిజిస్టరు) నకలుకు దరఖాస్తు పెడితే అప్పటి పట్టాదారు పేరు తెలుస్తుంది. జమీందారీ గ్రామమైతే 1948 నాటి జమీందారీ రద్దు చట్టం తర్వాత తయారైన భూమి రిజిస్టరు, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగాలి. ఇనాం భూమైతే మీ పంట పండినట్టే: ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మొదటి ఇనాందారు, 1860 ప్రాంతంలో అనుభవిస్తున్నవారు, వాళ్ల చుట్టరికం రాసి ఉంటాయి.

చాలామంది పొరపడేది జిల్లా దగ్గర. 1859 నుంచి 1904 దాకా బాపట్ల కృష్ణా జిల్లాలో ఉండేది. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఆ కాలపు కాగితాలను గుంటూరు జిల్లా కింద అడిగితే దొరకవు.

ఇక ఆన్‌లైన్ సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో కనిపించేది ఇప్పటి హక్కుదార్లే. 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ (జిల్లా వివరాల పుస్తకం) ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. ఊళ్ల చరిత్రకు పనికొస్తుంది, సామాన్య రైతుల పేర్లకు కాదు.