మ్యాన్‌హోల్ వీడియో: అసలు ఫైల్‌ను ముట్టుకోకండి

తాడు కట్టి మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించుతుంటే మీరు తీసిన వీడియో వాట్సాప్‌లో తిరుగుతోందని, కాంట్రాక్టరేమో "అది ఎడిట్ చేసింది" అంటున్నాడని రాశారు. టెన్షన్ పడకండి. తీసిన ఫోన్ ఇంకా మీ దగ్గరే ఉంటే సగం పని అయినట్టే.

వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే ఫైల్ కుదించుకుపోతుంది, లోపల ఉండే సమయం, చోటు వివరాలు చాలావరకు పోతాయి. అందుకే ఆ ఫార్వర్డ్ కాపీని నమ్ముకోవద్దు. గ్యాలరీలోని అసలు ఫైల్‌ను ట్రిమ్ చేయకుండా, కేబుల్‌తో కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఈ రోజే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్, ఫైల్ కాస్త మారినా ఇది మారిపోతుంది) తీసి రాసి పెట్టుకోండి. ఇవాళ్టి నుంచి దాన్ని ఎవరూ మార్చలేదని చూపడానికి అది పనికొస్తుంది. కాపీని కోర్టుకు ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఆ ఫారంలోనే హ్యాష్ అడుగుతారు. ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. లాయర్‌కి ఇది ముందే చెప్పండి.

ఇక మొహాలు. బయట పెట్టే కాపీలో దిగిన మనిషి మొహం బ్లర్ చేయండి, అదీ అతన్ని అడిగాకే. మనుషులతో పాకీపని, మురుగు శుభ్రం చేయించడాన్ని నిషేధించే 2013 చట్టం ప్రకారం శిక్ష దించినవాడికే, దిగినవాడికి కాదు. ఈ సంగతి తెలియక చాలామంది భయంతో నోరు విప్పరు. కూలి పోతుందన్న భయం వేరే, అది నిజమైనదే.

ఫిర్యాదు రాతపూర్వకంగా కలెక్టర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ చట్టం అమలు చూడాల్సిన బాధ్యత జిల్లా మెజిస్ట్రేట్‌గా ఆయనదే.