చీకటి గదిలో పాఠం చెప్పబోతున్న శ్రావణికి

చి. శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆరో తరగతికి కాంతి పాఠం నీకు అప్పగించారనీ, బోర్డు మీద ‘స్వయంప్రకాశకాలు’, ‘కానివి’ అని రెండు జాబితాలు రాసి బట్టీ పట్టించకుండా పిల్లల్ని చీకటి గదిలో కూర్చోబెట్టి చెప్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం గుండె దడ మొదలైంది. ముందు దూకి తర్వాత లోతు చూసే రకానివి నువ్వు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. తలుపు కింద సందులో గుడ్డ కుక్కు. వస్తువులన్నీ ముందే బల్ల మీద సర్దుకో. కొవ్వొత్తి జోలికి పోకు, జడలున్న పిల్లలు వంగి చూస్తారు. లైట్లు ఆర్పాక కాసేపు ఆగు, కళ్లు చీకటికి అలవాటు పడాలి. సొంతంగా వెలుగు ఇచ్చేది స్వయంప్రకాశకం, వేరేచోటి వెలుగు పడితేనే కనిపించేది స్వయంప్రకాశకం కాదు. నిర్వచనం అంతే, ఒక్క నిమిషం చాలు దానికి.

బల్ల మీద అద్దం ఉండి తీరాలి. అద్దమూ, మెరిసే స్టీలు గరిటే స్వయంప్రకాశకాలేనని సగం క్లాసు పందెం కాస్తుంది. కాయనీ. లైటు ఆర్పగానే అవి నల్లగుడ్డతో పాటే మాయమైపోతాయి. నువ్వు నోరు విప్పాల్సిన పనే ఉండదు. చీకట్లో మెరిసే స్టిక్కర్లు కూడా రెండు తెచ్చుకో. ఒకటి వెలుతురులో ఉంచు, రెండోది ముందురోజే డబ్బాలో పెట్టి మూసెయ్. చీకట్లో మొదటిదే మెరుస్తుంది. అది ఇంతకుముందు పీల్చుకున్న వెలుగు శక్తిని నెమ్మదిగా వదులుతోందన్నమాట. మరి దాన్ని ఏ జాబితాలో వేస్తారని అడిగి వాళ్లను కొట్టుకోనివ్వు. మెరుస్తున్నంతసేపూ స్వయంప్రకాశకమే అని నా లెక్క.

నాకు జాబితాలంటే పడనిది ఇందుకే. చల్లటి ఇనుప చువ్వ స్వయంప్రకాశకం కాదు. దాన్నే కొలిమిలో పెడితే దాదాపు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర మసక ఎరుపు మొదలవుతుంది. ఇనుమైనా రాయైనా ఘనపదార్థాలు వెలగడం మొదలుపెట్టే వేడి ఇంచుమించు ఒకటేనని డ్రేపర్ అనే శాస్త్రవేత్త 1847లోనే తేల్చాడు. కాబట్టి వస్తువు పేరు చెప్పగానే జవాబు చెప్పేసే అలవాటు పిల్లలకు చెయ్యకు. ‘ఇప్పుడు అది వెలుగు ఇస్తోందా?’ అని అడిగించు.

చంద్రుడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగు. చంద్రుడు తన మీద పడిన వెలుగులో ఇంచుమించు 12 శాతమే తిప్పి పంపుతాడు. అంటే పాతబడిన తారు రోడ్డంత నలుపు! అయినా చుట్టూ ఆకాశం అంతకన్నా నల్లగా ఉండబట్టి మనకు వెండిలా కనిపిస్తాడు. నిండు చంద్రుడి వెలుగు సూర్యుడి వెలుగులో సుమారు నాలుగు లక్షల్లో ఒక వంతే. నెలవంక ఉన్న సాయంత్రం, వెలగని భాగం కూడా లీలగా కనిపిస్తుంది చూడు. అది భూమి మీద పడి, అక్కడి నుంచి చంద్రుడి మీదికి వెళ్లి, మళ్లీ మన కంటికి చేరిన సూర్యుడి వెలుగే. రెండుసార్లు అప్పు మారిన వెలుగు. గ్రహాలు సూర్యుడి వైపున్న సగంలోనే వెలుగుతాయని 499లోనే ఆర్యభటుడు రాశాడు. అయితే నక్షత్రాలను కూడా అదే లెక్కలో వేసేశాడు. ఈ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పు, అంతటివాడు తడబడిన చోటు తెలిస్తే వాళ్లకు ధైర్యం వస్తుంది.

ఇక అసలు సంగతికొస్తున్నాను. పాఠం మొదలుపెట్టకముందే ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇవ్వు. ఒక బల్బు, ఒక పుస్తకం, ఒక పాప బొమ్మ వేయించి, పాపకు పుస్తకం ఎలా కనిపిస్తోందో బాణాలతో చూపించమను. చాలామంది పాప కంటి నుంచి పుస్తకానికి బాణం గీస్తారు. ఇంకొందరు బల్బు నుంచి పుస్తకం దాకా గీసి అక్కడితో ఆపేస్తారు, కంటి దాకా రారు. నవ్వకు. ఎర్ర ఇంకుతో కొట్టెయ్యకు. అది చాలా పాత పొరపాటు. రేఖాగణితానికి పెద్దదిక్కయిన యూక్లిడ్ కూడా కంటి నుంచే కిరణాలు బయల్దేరతాయనుకుని దృష్టి లెక్కలన్నీ కట్టాడు. ఖగోళ శాస్త్రవేత్త టోలెమీ కూడా అదే దారి. కంటి నుంచే వెలుగు వస్తుంటే చీకట్లో ఎందుకు కనిపించదని అరిస్టాటిల్ అడగనే అడిగాడు, అయినా ఆ నమ్మకం వెయ్యేళ్లకు పైగా బతికింది. రాత్రి పిల్లి కళ్లు మెరవడం చూసిన వాళ్లకు అది నిజమనే అనిపించి ఉంటుంది. ఆ కంటి లోపల వెనకవైపున్న పొర బయటి వెలుగునే తిప్పి కొడుతోందని వాళ్లకేం తెలుసు? గాఢమైన చీకట్లో పిల్లి కన్నూ కనబడదు.

కంటి నుంచే వెలుగు వస్తుందన్న ఆ నమ్మకాన్ని మొదలంటా పెకలించినవాడు పదకొండో శతాబ్దం మొదట్లో కైరోలో పనిచేసిన శాస్త్రవేత్త ఇబ్న్ అల్-హైతమ్. సూర్యుణ్ణి చూస్తే కన్ను నొప్పి పెడుతుంది కదా, అంటే బయటి నుంచే ఏదో లోపలికి వస్తోంది అన్నాడు. వెలుగు పడిన వస్తువు ప్రతి బిందువు నుంచీ అన్ని వైపులకూ కాంతి వెళ్తుంది, అందులో కొంత మన కంట్లో పడుతుంది. కాబట్టి దీపమూ పుస్తకమూ రెండూ కంటికి వెలుగు పంపుతున్నవే. ఒకటి తనది పంపుతోంది, రెండోది తెచ్చుకున్నది పంపుతోంది. ఈ సంగతి తలకెక్కకపోతే, ‘స్వయంప్రకాశకం కానిది వెలుగే పంపదు’ అని రాసే పిల్లలు పదో తరగతిలోనూ తగుల్తారు.

దీనికి చెప్పుల పెట్టె ఒకటి చాలు. లోపల నల్లరంగు పూసి బంతి పెట్టు. ఒక పక్క కంటికి కన్నం, ఇంకో పక్క మూత ఉన్న కన్నం. మూత వేసి ఉంటే ‘ఏమీ లేదు టీచర్’ అంటుంది పాప. మూత తీసి టార్చి కొట్టు. కన్ను అదే, కన్నమూ అదే. బంతి కనిపించగానే ఆ పాప మొహం చూడు.

మొహం అంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు దుప్పటి కింద టార్చి మీద అరచెయ్యి పెట్టి, వేళ్లు ఎర్రగా వెలగ్గానే ‘పెద్దమ్మా, నాలో దీపం ఉంది’ అని ఇల్లంతా లేపావు. ఎరుపు రంగు వెలుగు మాంసంలోంచి కాస్త దూరి బయటికొస్తుందని చెప్తే నా మీద అలిగి ముద్ద ముట్టలేదు. ఆ ప్రశ్నా రేపు ఎవరో ఒకరు అడుగుతారు, వాళ్ల మీద చిరాకు పడకు తల్లీ.

ఇప్పుడు కోప్పడుతున్నాననుకున్నా సరే. ఇబ్న్ అల్-హైతమ్ మాట చెప్పగానే ఒక్క పిల్లవాడైనా కిటికీ తెరిచి సూర్యుణ్ణి చూడబోతాడు. చూడనివ్వకు. మా బడిలో ఒక అబ్బాయి పాక్షిక గ్రహణం రోజు పాత ఎక్స్-రే ఫిల్ము అడ్డం పెట్టుకుని చూశాడు. నొప్పేమీ లేదన్నాడు. ఉండదు మరి, కంటి లోపల బొమ్మ పడే పొర రెటీనాలో నొప్పి తెలిపే నరాలు లేవు. మర్నాడు పుస్తకం చదువుతుంటే చూస్తున్న అక్షరమే కనిపించడం లేదు, దాని అటూ ఇటూ ఉన్నవి కనిపిస్తున్నాయి అన్నాడు. ఆ మచ్చ పోలేదు. ఎక్స్-రే ఫిల్మూ, మసి పట్టించిన గాజూ, మామూలు నల్లకళ్లద్దాలూ ఏవీ పనికిరావు. అద్దంలో సూర్యుణ్ణి చూడటమూ వద్దు. చూపించి తీరాలనుకుంటే అట్టకు సూదిబెజ్జం చేసి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, తెల్లకాగితం మీద పడే బొమ్మ చూపించు. ఇంకొకటి, లేజర్ పాయింటర్లు ఎవరి జేబులో ఉన్నా ముందే లాక్కో.

ఫోన్ తెర స్వయంప్రకాశకమా అనీ అడుగుతారు. ఎల్‌సీడీ తెరలో వెనకున్న దీపం వెలుగును ముందున్న పొర ఆపుతూ వదులుతూ ఉంటుంది, ఓఎల్ఈడీ అనే ఇంకో రకం తెరలో ప్రతి చుక్కా తనే వెలుగుతుంది. అంతవరకు చెప్తే చాలు.

పాఠం అయిన వారం తర్వాత మళ్లీ అదే బొమ్మ వేయించు. కంటి నుంచి బయల్దేరిన బాణాలు ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి నాకు ఫోన్ చెయ్యి. ఒక్కటీ లేదంటే మాత్రం నమ్మను, కాగితాలు పట్టుకురా.

ప్రేమతో,
పెద్దమ్మ