ఎన్‌లార్జర్ బల్బుకి డిమ్మర్ పెట్టవచ్చా?

ఎన్‌లార్జర్‌తో (నెగెటివు బొమ్మని పెద్దది చేసి పేపరు మీద వేసే యంత్రం) వేసే బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లకి ఎక్స్‌పోజర్ 3, 4 సెకన్లకే అయిపోతోంది, డాడ్జింగ్‌కి (ప్రింటులో కొంత భాగానికి కాసేపు వెలుగు అడ్డుకోవడానికి) టైమే ఉండట్లేదు, బల్బుకి డిమ్మర్ పెడితే సరిపోతుందా అన్నది ప్రశ్న. మామూలు ఫిలమెంట్ బల్బయితే వద్దనే చెప్తాను.

వోల్టేజీ తగ్గిస్తే వెలుగు ఒక్కటే తగ్గదు, రంగు కూడా పసుపు, ఎరుపు వైపు జరుగుతుంది. మల్టీగ్రేడ్ పేపరు (వెలుగు రంగుని బట్టి కాంట్రాస్టు మారే ప్రింటింగ్ పేపరు) స్పందించేది నీలానికీ ఆకుపచ్చకీ. వెలుగులో నీలం పాలు తగ్గిందంటే కాంట్రాస్టు పడిపోతుంది. అదే నెగెటివు, అదే ఫిల్టరు, అయినా ప్రింటు చప్పగా వస్తుంది. పైగా వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది, టెస్ట్ స్ట్రిప్ (సరైన టైము తేల్చుకునే ట్రయల్ ముక్క) లెక్కలన్నీ తారుమారు. కరెంటు హెచ్చుతగ్గులున్న చోట అసలు కావాల్సింది స్టెబిలైజర్.

ముందు లెన్స్ అపెర్చర్ తగ్గించండి. ఎఫ్/8 నుంచి ఎఫ్/11కి వెళ్తే టైము రెట్టింపు. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలోంచి వెళ్లే వెలుగు చెదరడం) వల్ల షార్ప్‌నెస్ దెబ్బతింటుంది కాబట్టి అక్కడితో ఆగి, ఫిల్టర్ డ్రాయర్‌లో న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుగు తగ్గించేది) పెట్టండి. 0.3 డెన్సిటీది వెలుగును సగం చేస్తుంది, 0.6ది పావు వంతుకి తెస్తుంది. తక్కువ వాట్ల బల్బూ పనికొస్తుంది, కానీ ఎన్‌లార్జర్‌కి తగ్గ ఓపల్ (పాల రంగు గాజు) బల్బే కొనండి. కండెన్సర్ హెడ్‌లో (లెన్సులతో వెలుగుని నెగెటివు మీదికి కూర్చే రకం) మామూలు బల్బు పెడితే గాజు మీది అక్షరాలు ప్రింటు మీద మసకగా పడే ప్రమాదం ఉంది.

డిమ్మింగ్‌కి వీలున్న ఎల్ఈడీ హెడ్ అయితే రంగు అంతగా మారదు, ధైర్యంగా తగ్గించుకోవచ్చు.