శ్రావణికి, లెక్క మొదలుపెట్టే ముందు

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

షాద్‌నగర్ దగ్గరి ఏఏసీ బ్లాకుల (ఆవిరితో గట్టిపరిచే తేలికపాటి కాంక్రీటు ఇటుకల) ఫ్యాక్టరీకి ఈపీడీ, అంటే సరుకు వల్ల పర్యావరణం మీద ఎంత భారం పడుతుందో లెక్కగట్టి ప్రకటించే కాగితం, తయారుచేసే పని ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది బిడ్డా. ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి గుబులుగానూ ఉంది. ఆ కాగితం ఒకసారి రిజిస్టర్ అయితే ఐదేళ్లు చెల్లుతుంది. తప్పు లెక్కయినా అంతే.

మామూలు అడుగులు నీకు తెలిసినవే: సరిపడే పీసీఆర్ (ఆ రకం సరుకుకు పెట్టిన లెక్క నియమాలు) చూసుకోవడం, ఏడాది డేటా తీసుకోవడం, ఐఎస్ఓ 14044 ప్రకారం ఎల్‌సీఏ (సరుకు జీవితకాలం మొత్తం పర్యావరణ లెక్క) చేయడం, ఈఎన్ 15804+ఏ2 అనే యూరప్ ప్రమాణం పద్ధతిలో ఫలితాలు రాయడం, బయటి వెరిఫయర్‌తో చెక్ చేయించి రిజిస్టర్ చేయించడం. వీటి గురించి నేను చెప్పేదేం లేదు.

నా భయమంతా భాగహారం దగ్గర. సిమెంటు ఎంత, సున్నం ఎంత, బాయిలర్‌లో ఎంత కాల్చారు అనేవి అందరూ జాగ్రత్తగానే రాసుకుంటారు. వాటన్నిటినీ దేనితో భాగించాలో అక్కడ మాత్రం చేతికి దొరికిన అంకె వేసేస్తారు. ఏఏసీ లెక్కల్లో పాతుకుపోయిన తప్పు ఇదే.

ఎలా జరుగుతుందో చూడు. 600 × 200 × 200 మిల్లీమీటర్ల బ్లాకు అంటే 0.024 క్యూబిక్ మీటరు. పొడి సాంద్రత క్యూబిక్ మీటరుకు 600 కిలోలు అనుకుంటే బ్లాకు 14.4 కిలోలు తూగాలి. కానీ ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో బ్లాకులను ఉడికించే పెద్ద పాత్ర) నుంచి అప్పుడే బయటికొచ్చిన బ్లాకును కాంటా మీద పెట్టు, 18, 19 కిలోలు చూపిస్తుంది. ఆ తేడా నీళ్లు. పొడి బరువు మీద 30 శాతం తేమ ఉండటం పెద్ద వింతేం కాదు. ఆ బ్లాకులే లారీ ఎక్కుతాయి, వేబ్రిడ్జి స్లిప్పులో ఆ బరువే పడుతుంది, డిస్పాచ్ రిజిస్టర్‌లోకి అదే వెళుతుంది. నువ్వు "ఏడాది ఉత్పత్తి ఎంత?" అని అడిగితే అకౌంట్స్ వాళ్లు నీకిచ్చేదీ ఆ టన్నులే.

ఉదాహరణకు ఫ్యాక్టరీ ఏడాదికి లక్ష క్యూబిక్ మీటర్లు చేస్తుంది, కార్బన్ ఉద్గారాలన్నీ కలిపి 20,000 టన్నులు అనుకో. క్యూబిక్ మీటరుకు 200 కిలోలు. ఇదీ అసలు జవాబు. ఇప్పుడు రిజిస్టర్‌లోని 78,000 తడి టన్నులతో భాగించు, టన్నుకు 256 కిలోలు వస్తుంది. దాన్ని క్యూబిక్ మీటరుకు మార్చడానికి టెస్ట్ రిపోర్టులోని సాంద్రత 600 వాడతావు. ఆ 600 పొడి సాంద్రత! జవాబు 154 అవుతుంది. భాగించింది తడి బరువుతో, గుణించింది పొడి సాంద్రతతో. 23 శాతం కాలుష్యం కాగితం మీదే ఆవిరైపోయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ ఏదీ దాచలేదు. అంకె తక్కువ వచ్చింది కాబట్టి ఓనరు సంతోషిస్తాడు. సంతోషంగా ఉన్నప్పుడు లెక్క తిరగేసేవాడెవడు?

అందుకని టన్నుల జోలికే పోకు. కట్టింగ్ సెక్షన్‌లో మౌల్డుల (పోత అచ్చుల) లెక్క తీసుకో, అందులోంచి రిజెక్టులు తీసెయ్, అమ్మకానికి పోయిన మంచి బ్లాకుల ఘనపరిమాణంతోనే భాగించు. ఆటోక్లేవ్ తర్వాత విరిగిన బ్లాకు మీద పడిన సిమెంటూ ఆవిరీ మంచి బ్లాకులే మోయాలి. ఆటోక్లేవ్‌కు ముందే కోసేసిన పచ్చి ముక్కలు తిరిగి స్లర్రీలో, అంటే ముడిసరుకు గంజిలో, కలుస్తాయి, వాటిని వ్యర్థం కిందా ముడిసరుకు కిందా రెండుసార్లు రాయొద్దు. సాంద్రత కోసం బ్రోచర్ చూడకు. వేర్వేరు బ్యాచ్‌ల నుంచి నమూనాలు తీసి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గదనేదాకా ఆరబెట్టించి తూయించు. వానాకాలంలో యార్డులో తడిసిన బ్లాకు తూచి నాకు చెప్పావంటే తిడతాను. ఒక్క ఏ4 దగ్గర, అంటే సైటుకు చేరవేసే లెక్కలో మాత్రం, తడి బరువే కావాలి. లారీ నీళ్లను కూడా మోస్తుంది కదా.

ముడిసరుకు లోపలికొచ్చిన పొడి బరువు, బయటికెళ్లిన పొడి బరువు పక్కపక్కన రాసి చూడు. లోపలికి 62 వేలు వచ్చి బయటికి 78 వేలు పోతే ఆ 16 వేలు ఎక్కడివి? వెరిఫయర్ అడిగేదాకా ఆగకు.

కరెంటు బిల్లులో ఇంకో గుంట ఉంది. మన దగ్గర హెచ్‌టీ (ఫ్యాక్టరీలకిచ్చే హై టెన్షన్) కనెక్షన్లకు డబ్బు కేవీఏహెచ్ మీద, అంటే లైన్ నుంచి లాగిన మొత్తం మీద, వేస్తారు. నీకు కావాల్సింది కేడబ్ల్యూహెచ్, నిజంగా ఖర్చయిన కరెంటు. పవర్ ఫ్యాక్టర్ (ఈ రెండింటి నిష్పత్తి) 0.95 అయితే 5 శాతం తేడా. సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) ప్రకటించే గ్రిడ్ అంకె, యూనిట్‌కు 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్, కేవలం స్టేషన్‌లో ఇంధనం మండటానిది. బొగ్గు తవ్వకం, లైన్ నష్టాలు అందులో లేవు. ఈపీడీకి అవీ ఉన్న డేటాసెట్ కావాలి.

సున్నాన్ని చిన్నచూపు చూడకు. సున్నపురాయి కాలి టన్ను సున్నం అయ్యేటప్పుడు రాయిలోంచే 785 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది, బట్టీ ఇంధనం వేరే. ఫలితాల్లో సిమెంటు, సున్నం, ఆవిరి పైన కనిపించాలి. రామగుండం విద్యుత్ కేంద్రం నుంచి ముడిసరుకుగా వచ్చే బూడిద రవాణా అందరికంటే పైన కూర్చుందంటే ఎక్కడో కిలోలూ టన్నులూ తారుమారయ్యాయని అర్థం. బాయిలర్‌లో ఊక కాలిస్తే ఆ కార్బన్ డయాక్సైడ్ బయోజెనిక్ (మొక్కల నుంచి వచ్చిన కార్బన్) వరుసలోకి వెళుతుంది, అలాగని మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ సున్నా కావు.

2004లో కలాం గారు హైదరాబాద్‌లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ వారి గ్రీన్ బిజినెస్ సెంటర్ ప్రారంభించిన కాలంలో మెటీరియల్‌ని ఎక్కువగా అడిగింది రీసైకిల్ శాతం ఎంత, 800 కిలోమీటర్ల లోపలిదేనా అని. లీడ్ అనే గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ నాలుగో వెర్షన్ 2013లో వచ్చాక ఈపీడీకి పాయింటు పెట్టారు: కనీసం ఐదుగురు తయారీదారుల నుంచి 20 ఉత్పత్తులు. దాంతో ఆ కాగితం ఉందా లేదా అన్నదే ప్రశ్న అయింది, లోపల ఏముందో చదివేవాళ్లు తక్కువ. మంచి వాతావరణం కాదది, నిజాయితీగా లెక్కేసేవాళ్లకు. ఇప్పుడు బిల్డింగ్ మొత్తానికి కార్బన్ లెక్క వేస్తున్నారు, నీ అంకెను వేల క్యూబిక్ మీటర్లతో గుణిస్తారు. 46 కిలోల తప్పు అక్కడ బయటపడుతుంది, కింద నీ పేరు ఉంటుంది.

మార్కెటింగ్ వాళ్లు వస్తారు. గోడ గాలిలోంచి తిరిగి పీల్చే కార్బన్‌ను ఏ1–ఏ3 (ముడిసరుకు నుంచి ఫ్యాక్టరీ గేటుదాకా లెక్క) లోంచి తీసెయ్యమంటారు, మాడ్యూల్ డీని (గోడ కూల్చాక సరుకు మళ్లీ వాడితే వచ్చే లాభం లెక్కను) కలిపేయమంటారు. రెండూ కుదరవు, వాటి గడులు వేరు. ఎర్ర ఇటుక కంటే మేలని రాయమంటారు. ఒక్కో క్యూబిక్ మీటరును పోలిస్తే ఏమీ తేలదు, రెండు గోడలకూ మోర్టార్, ప్లాస్టర్ వేరు. ఈపీడీ మేలని చెప్పే సర్టిఫికెట్ కాదు, ఎంతో చెప్పే కాగితం. మెత్తగా మాట్లాడు, అంకె మాత్రం మార్చకు.

చివరగా ఒకటి, లెక్కకు సంబంధించింది కాదు. బ్లాకు పొంగడానికి వేసే అల్యూమినియం పొడి కలిపే గదికి ఒంటరిగా వెళ్లకు, ఫోన్ బయటే పెట్టు. ఆ పొడి గాల్లో లేస్తే నిప్పురవ్వ చాలు, స్లర్రీలో పడితే హైడ్రోజన్ వస్తుంది. డబ్బాల లెక్క స్టోర్స్‌లో రాసే ఉంటుంది, లోపలికెళ్లి లెక్కపెట్టాల్సిన పనే లేదు. బూడిద సైలో దగ్గర మాస్కు పెట్టుకో, చున్నీ చుట్టుకుంటే సరిపోదు.

ఓవెన్ రిపోర్టులు, కట్టింగ్ సెక్షన్ రిజిస్టర్ ఫొటోలు వచ్చాక నాకు పంపు. ఎక్సెల్ షీటు తర్వాత చూద్దాం.

ప్రేమతో
పెద్దమ్మ