వంటింటి సరుకులతో ఏడాదిన్నర పాపను ఆడించడం: మా ఇంటి అనుభవం

మీ పాపకు ఏడాదిన్నర నిండిందనీ, కొన్న బొమ్మలన్నీ రెండు రోజులకే మూలన పడుతున్నాయనీ, చేతులతో తడిమి చూసే ఆటలు తక్కువ ఖర్చులో ఇంట్లోనే ఏర్పాటు చేద్దామంటే పాప ప్రతిదీ నోట్లో పెట్టుకుంటోందనీ, బియ్యంతో ఆడిస్తే మీ అత్తగారు నొచ్చుకుంటున్నారనీ రాశారు. ఈ ఇబ్బందులన్నీ నాకూ ఎదురైనవే. మా బాబుకు ఇప్పుడు ఆరేళ్లు. హైదరాబాదులో మూడో అంతస్తులోని రెండు గదుల ఇంట్లో, వాకిలి గానీ పెరడు గానీ లేకుండా, వాడికి పద్నాలుగో నెల వచ్చినప్పటి నుంచి మూడేళ్లు నిండేదాకా నేను స్వయంగా చేసి చూసినవాటినే చెబుతాను.

నోటి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఏ ఆట ఇవ్వవచ్చో ఏది కూడదో తేల్చేది అదే. ఆ వయసు పిల్లలకు నోరు కూడా చేతిలాంటిదే. కొత్త వస్తువు మెత్తగా ఉందా గట్టిగా ఉందా, చల్లగా ఉందా వెచ్చగా ఉందా అన్నది వాళ్లు నాలుకతో కూడా తెలుసుకుంటారు. ప్రతిసారీ వద్దు వద్దంటూ చెయ్యి లాగేస్తుంటే ఆట సాగదు, మన ఓపికా నిలవదు. అందుకని రెండేళ్లు దాటేదాకా మేము కొంచెం మింగినా ప్రమాదం లేని పదార్థాలనే ఎంచుకున్నాము. వాటిలో మా ఇంట్లో ఎక్కువ కాలం నిలిచిన ఆట ఉడికించిన బియ్యప్పిండి ముద్ద. వినాయక చవితికి ఉండ్రాళ్ల పిండి ఎలా చేస్తామో ఇదీ అంతే. ఒక గ్లాసు నీళ్లు మరిగించి, చెంచాడు నూనె వేసి, మంట తగ్గించి, గ్లాసు బియ్యప్పిండిని ఉండ కట్టకుండా కలిపి, మూత పెట్టి 5 నిమిషాలు ఉంచి, గోరువెచ్చగా అయ్యాక చేతికి నూనె రాసుకుని బాగా మర్దించాలి. సగం ముద్దలో చిటికెడు పసుపు, మిగతా సగంలో బీట్‌రూట్ తురుము పిండిన రసం కలిపితే రెండు రంగులు వస్తాయి. ఉప్పు అక్కరలేదు. సాయంత్రానికి పగుళ్లు తేలి గట్టిపడుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. మా వాడు మొదటి వారమంతా వేలితో గుంటలు పొడవడం తప్ప ఇంకేమీ చేయలేదు. తరువాత గిల్లి ముక్కలు చేశాడు, ఆ తరువాత ఆ ముక్కలను నా అరచేతిలో పెట్టి తినమన్నాడు.

అందరూ చెప్పే మైదా ముద్ద వేరు. ఒక కప్పు మైదా, అర కప్పు ఉప్పు, ఒక కప్పు నీళ్లు, ఒక పెద్ద చెంచా నూనె, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కలిపి, సన్నని సెగ మీద గిన్నె అంచులు వదిలి దగ్గరపడేదాకా తిప్పితే అది తయారవుతుంది. నిమ్మరసం వల్ల ముద్ద చక్కగా సాగుతుంది, ఉప్పు వల్ల త్వరగా పాడు కాదు. గాలి చొరబడని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మాకు రెండు మూడు వారాలు వచ్చేది. అయితే ఆ ఉప్పే చిన్నపిల్లలకు ప్రమాదం, అంత ఉప్పగా ఉండే ముద్దను ఎక్కువగా మింగితే పసి శరీరం తట్టుకోలేదు. పాప నోట్లో పెట్టుకోవడం మానేదాకా దీన్ని ఇవ్వకండి. వండకుండా పచ్చి పిండితో చేసే పద్ధతి కూడా వద్దు; పచ్చి పిండిలో సూక్ష్మక్రిములు ఉండే అవకాశం ఉంది.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. బాబుకు పదిహేడో నెలలో ఒక గిన్నెలో శనగపప్పు పోసి, రెండు కప్పులు ఇచ్చి, ఎదురుగానే కూర్చున్నాను. ఫోను మోగితే లేచి రెండు నిమిషాలు మాట్లాడి వచ్చేసరికి ఒక బద్ద వాడి ముక్కులో ఉంది. భయపడి పిన్నీసు మొండి అంచుతో తీయబోతే అది ఇంకా లోపలికి జరిగింది. వైద్యుడు ఒక్క నిమిషంలో తీసేశారు గానీ, పప్పు తడికి ఉబ్బుతుందనీ, ఇలాంటప్పుడు ఇంట్లో కెలకకుండా నేరుగా తీసుకురావాలనీ గట్టిగా చెప్పారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాము. టిష్యూ కాగితం చుట్ట అయిపోయాక మిగిలే అట్టగొట్టంలోంచి జారిపడే గట్టి వస్తువేదీ మూడేళ్ల లోపు ఇవ్వకూడదు. ఆ గొట్టం దాదాపు 4 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. బొమ్మల ముక్కలు గొంతులో ఇరుక్కునేంత చిన్నవేమో పరీక్షించడానికి వాడే గొట్టం అంతకన్నా సన్నం, 3.17 సెంటీమీటర్లు, కాబట్టి మన కొలత ఇంకొంచెం జాగ్రత్త వైపే ఉంటుంది. శనగలు, పల్లీలు, గుండీలు, పూసలు, గోలీలు అన్నీ దీనితో పక్కకు పోతాయి. పచ్చి రాజ్మా గింజల్లో విషగుణం ఉంటుంది కనుక వాటిని చేతికి కూడా అందనివ్వకండి. నీళ్లలో వేస్తే పెద్దవయ్యే రంగురంగుల జెల్లీ పూసలు చూడడానికి ముచ్చటగా ఉంటాయి. మింగితే కడుపులో ఉబ్బి పేగుకు అడ్డం పడతాయి, అందువల్ల వాటిని అసలు ఇంట్లోకే తేవద్దని నా అభ్యర్థన.

ఆ పూసల సరదా తీరడానికి సగ్గుబియ్యం ఉంది. తెల్లటి చుక్క మాయమై పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించి, చన్నీళ్లతో కడిగి, నాలుగు చుక్కల నూనె కలిపి పళ్లెంలో పోస్తే వేళ్ల సందుల్లోంచి జారుతూ, నొక్కితే నలిగిపోతూ ఉంటుంది. సబ్జా గింజలను ఇరవై నిమిషాలు నానబెట్టి పూర్తిగా ఉబ్బిన తరువాత ఇచ్చినా అంతే జారుడు వస్తుంది, పొడి గింజలు మాత్రం ఇవ్వకూడదు. రెండేళ్లు దాటాక కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్లటి మొక్కజొన్న పిండి రెండు వంతులు, నీళ్లు ఒక వంతు కలిపి ఇచ్చాను. దాన్ని గుప్పిట్లో నొక్కితే గట్టి ముద్దలా ఉండి, గుప్పిట తెరవగానే పాలలా కారిపోతుంది. వాడికంటే ముందు మా ఆయన దాని ముందు కూర్చునేవారు.

మీ అత్తగారి మాటను తీసిపారేయకండి. మా అత్తగారు కూడా అన్నం పరబ్రహ్మ స్వరూపమనీ, గింజ కాలికింద పడకూడదనీ అన్నప్పుడు నేను మొదట వాదించాను, వాదించడం తప్పని తరువాత తెలిసింది. ఆవిడే ఒక రోజు జల్లించగా మిగిలిన నూకలు తెచ్చి చాటలో పోసి, బాబు చేత ఒకసారి కళ్లకు అద్దించి, అప్పుడు ఆడుకోనిచ్చారు. గింజలు కొలిచే పాత ఇత్తడి సోల, గిద్ద కూడా ఇచ్చారు. గిద్దతో నాలుగుసార్లు పోస్తే సోల నిండుతుందన్నది వాడికి లెక్కలు రాకముందే చేతికి తెలిసింది. పక్కన పాత దుప్పటి పరిచేవాళ్లం, ఆట అయ్యాక ఒలికిన నూకలు ఏరి చాటలో వేయడం కూడా వాడి పనే. నాలుగైదు రోజులు ఆడిన నూకలను కింద చెట్టు మొదట్లో ఉడుతలకు, చీమలకు వేసేవాళ్లం. గింజ వృథా కాలేదన్న తృప్తి ఆవిడకు దక్కింది, ఆట మాకు దక్కింది. నూక చిన్నదే అయినా గట్టి గింజే, మా గొట్టం నియమానికి ఇది మినహాయింపు కాబట్టి, ఆడుతున్నంతసేపూ పెద్దవాళ్లు ఒకరు పక్కనే కూర్చోవాలి.

ఇలా ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోసే పనికోసమే మాంటిస్సోరి పేరు పెట్టి అమ్మే కొయ్య సామాను వేల రూపాయల్లో ఉంటుంది. ఈ పద్ధతిని రూపొందించిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు; ఆవిడ పద్ధతిలో నిత్యజీవితపు పనులన్నీ ఇంట్లో ఉండే మామూలు గిన్నెలు, చెంబులు, గుడ్డలతోనే నేర్పవచ్చు. మీ వంటింట్లో రెండు స్టీలు గ్లాసులు, ఒక చెంబు, ఒక టీ వడపోత, ఒక స్పాంజి ముక్క ఉంటే నీళ్ల ఆటకు కావలసినవన్నీ ఉన్నట్టే. స్నానాలగదిలో పళ్లెంలో కొద్దిగా నీళ్లు పోసి కూర్చోబెట్టండి. రెండు అంగుళాల నీళ్లలో కూడా పసిపిల్లలు మునిగిపోగలరు కనుక ఒక్క క్షణం కూడా వదిలి వెళ్లకూడదు, ఆట అయిన వెంటనే బక్కెట్టు బోర్లించాలి.

రంగుల విషయానికి వస్తే, కుంకుమ, రంగోలి పొడి, హోలీ రంగులు వాడకండి. వాటిలో ఏమి కలిపారో మనం తేల్చుకోలేము. పెరుగులో పసుపు, పాలకూర రసం, బీట్‌రూట్ రసం విడివిడిగా కలిపితే మూడు రంగులు సిద్ధం, నాకినా భయం లేదు. బెండకాయను అడ్డంగా కోసి అద్దితే పువ్వు పడుతుంది, అరటి దూటను కోస్తే గుండ్రటి వలయాలు పడతాయి. పాప ఒక కాగితం మీద అచ్చు వేసి, మిగిలింది పొట్టకు పూసుకుంటుంది. అది కూడా ఆటలో భాగమే. పసుపు మరకల గురించి చింత వద్దు, ఉతికి మంచి ఎండలో ఒకటి రెండు రోజులు ఆరేస్తే ఆ రంగు చాలావరకు వెలిసిపోతుంది. రెండున్నర ఏళ్లు వచ్చాక పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద వంటసోడా నీళ్లు చుక్కలుగా వేయించండి. చుక్క పడిన చోట ఎరుపు తిరుగుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపూ సున్నమూ కలిసినప్పుడు జరిగేదీ ఇదే. అయితే సున్నం కళ్లను కాలుస్తుంది, దాన్ని పిల్లల దగ్గరకు రానివ్వకండి.

మట్టి అన్నిటికంటే మంచిది, అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేదీ అదే. వినాయక చవితికి విగ్రహం కోసం తెచ్చే బంకమట్టిలో మిగిలింది తడిగుడ్డ చుట్టి దాచుకుంటే నెలల తరబడి పనికి వస్తుంది. రాళ్లు, గాజుముక్కలు లేకుండా ఒకసారి చేత్తో పిసికి చూసి ఇవ్వండి, తరువాత సబ్బుతో చేతులు కడగండి. కానీ ఆ విగ్రహానికి కళ్లుగా పెట్టే గురివింద గింజలు పిల్లలున్న ఇంట్లో ఉండకూడదు. ఎర్రగా నల్లటి చుక్కతో పూసల్లా కనిపించే ఆ గింజ నమిలి మింగితే ప్రాణాంతకం, ఆముదం గింజ కూడా అలాంటిదే. మా అమ్మమ్మ ఊళ్లో గురివింద గింజలతో ఆడుకునే పెరిగాను గనుక ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలాసేపు నోట మాట రాలేదు. మేము కళ్లకు మిరియాలు పెట్టి, వాటిని కూడా బాబుకు అందకుండా ఎత్తు మీదే ఉంచాము.

తడి ఆటలకు ఓపిక లేని రోజులూ ఉంటాయి. అలాంటప్పుడు పాత వార్తాపత్రిక ఇచ్చి చించమనండి. చించడం నేర్చుకోవడానికే మా వాడికి వారం పట్టింది. నిలబెట్టిన అప్పడాల కర్రకు ప్లాస్టిక్ గాజులు తొడిగించడం, అట్టపెట్టెకు కన్నం చేసి అందులోకి ఉతికిన చేతిరుమాళ్లు దూర్చి మళ్లీ లాగించడం మాకు చాలా కాలం పనికి వచ్చాయి. పెద్ద అట్టముక్క మీద గోనెసంచి, బీరపీచు, పాత పట్టుచీర అంచు, కొబ్బరిపీచు, దూది అతికించి గోడకు పాప ఎత్తులో పెడితే, వచ్చిపోతూ తడుముకుంటుంది. పీచు ఊడివస్తోందేమో రోజూ చూడండి.

ఎంతసేపు ఆడుతుందని కూడా అడిగారు. ఏడాదిన్నరకు 5 నిమిషాలు ఆడితే మంచిదే, 10 నిమిషాలు ఆడితే చాలా ఎక్కువ. ఏర్పాటుకు అరగంట, శుభ్రానికి అరగంట పట్టేవి పెట్టుకుంటే మనకు కోపం వస్తుంది, ఆ కోపం పిల్లల మీదకు పోతుంది; నేను రెండుసార్లు అలా చేసి బాధపడ్డాను. ఒకసారి చేసి చూపించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. ఇలా చెయ్యి, అలా కాదు అని దిద్దకండి. తడి ముట్టుకోవడానికి మొదట జంకితే చేతికి చెంచా ఇవ్వండి, రెండు వారాల తరువాత మళ్లీ పెట్టండి. నెలలు గడిచినా మెత్తటివీ జిగటవీ ఏవీ ముట్టుకోకుండా, అన్నం కూడా కొన్ని రకాలే తింటుంటే, అప్పుడు పిల్లల వైద్యుడికి ఆ సంగతి చెప్పండి.

ఈ వారం బియ్యప్పిండి ముద్ద ఒక్కటే చేసి, మీ అత్తగారినే పాప పక్కన కూర్చోబెట్టి చూడండి. పాప దానితో ఏమి చేసిందో తీరిక దొరికినప్పుడు ఇక్కడే రాస్తే, తరువాత ఏది ఇవ్వవచ్చో దాన్నిబట్టి చెబుతాను.