రాష్ట్ర రోడ్డుకు టోల్ పెడతామంటే ఊళ్లవాళ్లు ఆపగలరా?

ప్రశ్న: ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి మీదుగా వెళ్లే మా రోడ్డును వెడల్పు చేసి టోల్ పెడతారని అంటున్నారు. ధర్నా చేద్దామని కొందరు, సంతకాలు సేకరిద్దామని కొందరు. జనం అడ్డుపడితే టోల్ ఆగిన చోటు ఎక్కడైనా ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:

గేటు కట్టి వసూళ్లు మొదలయ్యాక ఊళ్లవాళ్ల ధర్నాతో టోల్ పూర్తిగా ఎత్తేసిన చోటు నేనైతే చూడలేదు. గేటు ఎక్కడ రావాలి, ఎవరి దగ్గర వసూలు చేయాలి అన్నది కాగితం మీద ఖరారు కాకముందే పట్టుకుంటే మాత్రం సాధించుకునేవి చాలా ఉన్నాయి. మీకు ఇంకా టైమ్ ఉన్నట్టే కనిపిస్తోంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నెల్లూరు జిల్లాలో జాతీయ రహదారి పక్కన ఒక ఊళ్లో చాలా ఏళ్లు ఎరువుల దుకాణం నడిపాను. అక్కడి టోల్‌గేటు పేరు రాయను. ఇప్పుడు అందులో పనిచేసేవాళ్లకు ఆ పాత గొడవతో సంబంధం లేదు. మా దుకాణం గేటుకు ఇవతల. సరుకు తీసుకునే రైతుల ఊళ్లు సగం గేటుకు అవతల. యూరియా బస్తాలతో మా మినీ వ్యాను రోజూ అటూ ఇటూ తిరగాల్సిందే. వసూళ్లు మొదలవగానే చుట్టుపక్కల ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. "ఏందన్నా, మా పొలానికి మేం పోవడానికి కూడా డబ్బులు కట్టాలా?" అన్నదే అందరి నోటా. ఒక పూటంతా లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి. చివరికి పోలీసులు, రెవెన్యూ వాళ్లు, ఇద్దరు ముగ్గురు నాయకులు వచ్చి రాజీ కుదిర్చారు. చుట్టుపక్కల ఊళ్ల బండ్లను ఆధార్ కార్డు చూసి వదిలేస్తారు. ఇదీ ఒప్పందం. ఒక పెద్దాయన లేచి ఆ ముక్కే కాగితం మీద రాసివ్వమన్నాడు. "మా మాట మీద నమ్మకం లేదా పెద్దాయనా?" అని ఆయన్ను కూర్చోబెట్టేశారు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. చివరి లేన్‌లో ఉండే కుర్రాడు మా వ్యాను కనపడగానే అడ్డుకర్ర లేపేవాడు. తర్వాత వసూలు చేసే ఏజెన్సీ మారింది. కొత్తవాళ్లకు తెలుగు అంతంతమాత్రం. ఆధార్ చూపిస్తే లిస్టులో పేరు లేదనేవాళ్లు. ఆ లిస్టు ఎవరు రాశారో, ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మళ్లీ గొడవ, మళ్లీ ఫోన్లు, మళ్లీ కొన్నాళ్లు ఫ్రీ. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక ఆ కాస్తా పోయింది. ఆధార్ కార్డును చూడటానికి అక్కడ మనిషి ఉండాలి. పైన బిగించిన రీడర్‌కు మన ఊరు, మన పేరు అక్కర్లేదు. అద్దం మీది స్టిక్కర్ చదివి డబ్బు కోసేసుకుంటుంది. ఫోన్‌లో మెసేజ్ వచ్చేసరికి బండి గేటు దాటేసి ఉంటుంది. ఆగి వాదిద్దామంటే వెనక హారన్ల మోత.

మీ ఊళ్లో కూడా ఎవరో ఒక నాయకుడు వచ్చి "లోకల్ బండ్లకు టోల్ ఉండదు, నాదీ పూచీ" అంటాడు. ఆయన మనస్ఫూర్తిగానే అనొచ్చు. కానీ ఫీజు నోటిఫికేషన్‌లో లేని రాయితీ ఏజెన్సీ మారేదాకే ఉంటుంది.

ఇక నిబంధనల సంగతి. జాతీయ రహదారులకు 2008లో ఫీజు నిబంధనలు వచ్చాయి. పురపాలక పట్టణం పొలిమేర నుంచి 10 కిలోమీటర్ల అవతలే గేటు పెట్టాలని అందులో ఉంది. కారణాలు రాసిపెట్టి 10 లోపలికి తెచ్చుకోవచ్చు గానీ, ఆ పట్టణవాసుల కోసమే వేసిన రోడ్డయితే తప్ప, 5 కిలోమీటర్ల లోపలికి తేకూడదు. ఒకే రోడ్డు మీద ఒకే దిశలో రెండు గేట్ల మధ్య 60 కిలోమీటర్ల దూరం ఉండాలి. దానికీ కారణాలు రాసుకుని మినహాయింపు తీసుకునే వీలుంది. గేటుకు 20 కిలోమీటర్ల లోపల ఉండేవాళ్ల సొంత కార్లకు నెలవారీ పాసు ఇస్తారు. 2007-08 లెక్క ప్రకారం దాని ధర 150 రూపాయలు. ఏటా ఏప్రిల్ 1న పెంచుకుంటూ వచ్చి 2025-26లో 350 చేశారు.

మా వ్యానుది పసుపు నంబరు ప్లేటు కాబట్టి ఆ పాసు వర్తించదు. అయితే గేటు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లాలో రిజిస్టరైన వాణిజ్య వాహనానికి, నేషనల్ పర్మిట్ బండి కాకపోతే, సగం ఫీజే తీసుకోవాలని అవే నిబంధనల్లో ఉంది. ఈ సంగతి గేటు దగ్గర ఎవరూ మాకు చెప్పలేదు. ఒంగోలు లారీ యజమాని ఒకాయన మాటల్లో అంటే తెలిసింది. ఇందులోనూ ఒక చిక్కు ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపారు. కందుకూరు బండి రోజూ దాటే టంగుటూరు గేటేమో ప్రకాశంలోనే ఉండిపోయింది. అదే బండి, అదే రోడ్డు, కానీ రాయితీ లెక్క మారిపోయింది. 2025 చివర్లో కందుకూరును మళ్లీ ప్రకాశంలో కలిపారు, అంటే లెక్క మళ్లీ మారింది. అందుకే జిల్లా పేరుతో రాయితీ అడక్కండి. గేటు నుంచి ఇన్ని కిలోమీటర్లు అని అడగండి.

చాలామందికి తెలియని మెలిక ఇంకొకటి ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. సర్వీసు రోడ్డో, ప్రత్యామ్నాయ రోడ్డో వాడుకోవడానికి అందుబాటులో ఉంటే పైన చెప్పిన నెలవారీ పాసు, సగం ఫీజు రెండూ ఇవ్వక్కర్లేదు. జనం ధర్నాల్లో మొదట అడిగేది సర్వీసు రోడ్డే. రెండు ఊళ్ల మధ్య కిలోమీటరున్నర సర్వీసు రోడ్డు వేసి, అది గేటు వెనక చెరువు కట్ట మీది మట్టి బాటలో కలుస్తుందని చూపించి, ప్రత్యామ్నాయం ఉంది కదా అనొచ్చు. సర్వీసు రోడ్డు వద్దని నేను అనడం లేదు. స్కూలు పిల్లలకు, బర్రెగొడ్లకు అది ఉండాల్సిందే. గేటును పూర్తిగా తప్పించేంత పొడవుంటే అడగండి, లేదంటే దాంతోపాటు పాసు కూడా ఉండాలని అదే వినతిపత్రంలో రాయండి.

మీ రోడ్డు రాష్ట్ర రహదారి. పైన చెప్పినవన్నీ జాతీయ రహదారులకు రాసిన రూల్స్, మీ రోడ్డుకు వాటంతట అవి రావు. ప్రభుత్వం ఎవరితో ఒప్పందం రాసుకుంటుందో, అందులో ఏముందో అదే మీకు రూలు. రాష్ట్ర రోడ్డు మీద టోల్ మనకు కొత్తా కాదు. నార్కెట్‌పల్లి నుంచి అద్దంకి, మేదరమెట్ల దాకా వచ్చే రోడ్డు మీద హైదరాబాద్ రాకపోకలు సాగించేవాళ్లంతా కడుతూనే ఉన్నారు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసును చూసి, మనకు ఇబ్బంది లేదులే అనుకునే కారు ఓనర్లు మీ ఊళ్లోనూ ఉంటారు. అది జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల గేట్ల దగ్గరే చెల్లుతుంది.

2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శాసనసభలో ఈ ఆలోచన బయటపెట్టారు. రాష్ట్ర రోడ్ల నిర్వహణను ఏజెన్సీలకు ఇస్తాం, మొదట గోదావరి జిల్లాల్లో చేసి చూస్తాం, ఊరి నుంచి మండల కేంద్రం దాకా టోల్ ఉండదు, బైకులు, ఆటోలు, ట్రాక్టర్ల దగ్గర తీసుకోం అన్నారు. తర్వాత పీపీపీ (ప్రభుత్వం, ప్రైవేటువాళ్లు కలిసి చేసే) పద్ధతిలో చేపట్టే తొలి విడత రోడ్లంటూ పత్రికల్లో వచ్చిన జాబితాలో మన వైపు నుంచి బేస్తవారిపేట–ఒంగోలు (మీ పొదిలి, చీమకుర్తి మీదుగా వచ్చేదే), రాజంపేట–గూడూరు ఉన్నాయి. అంటే మీ ఊళ్లో అనుకుంటున్నది ఉత్త పుకారు కాదు. సభలో చెప్పిన ఆ మినహాయింపులు ఒప్పందంలోకి అక్షరం పొల్లుపోకుండా వస్తాయా అన్నదే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

బైకు, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు అనగానే ధర్నాకు వచ్చే జనం సగానికి సగం తగ్గిపోతారు. "మనకేం పోయింది, కార్లవాళ్లు కట్టుకుంటారులే" అంటారు. మా దగ్గర అదే జరిగింది. కానీ టోల్ కిరాయిలో కలిసి తిరిగి వాళ్ల మీదే పడుతుంది. మీ వైపు పొగాకు రైతునే తీసుకోండి. బేళ్లు వేలం కేంద్రానికి సొంత ట్రాక్టరులో తోలుకుంటే టోల్ లేదు. నలుగురు రైతులు కలిసి బొలేరో మాట్లాడుకుంటే ఉంది, ఆ బండివాడు పోనూ రానూ టోల్ కలిపే రేటు చెబుతాడు. వేలంలో రేటు నచ్చక బేళ్లు వెనక్కి తెచ్చుకుంటే, మళ్లీ తీసుకెళ్లేటప్పుడు ఇంకోసారి. ఆర్టీసీ కూడా టోల్‌ను టికెట్‌లోనే కలుపుతుంది. ఈ లెక్క ఊళ్లో కూర్చుని నోటితో కాకుండా, కాగితం మీద వేసి చూపిస్తే జనం కదులుతారు.

గేటు ఎక్కడ వస్తుందన్నది ఇప్పుడే ఆలోచించండి. ఇది నా అంచనా మాత్రమే. ఒంగోలుకు చీమకుర్తికి మధ్య సుమారు 20 కిలోమీటర్లు, రెండూ పట్టణాలే. జాతీయ రహదారుల రూలు పాటిస్తే రెండింటికీ పదేసి కిలోమీటర్లు వదిలాక గేటుకు చోటే మిగలదు, చీమకుర్తి దాటి పొదిలి వైపు పోవాలి. కానీ డబ్బులున్నది ఒంగోలు–చీమకుర్తి ముక్కలోనే. గ్రానైట్ బండలు మోసే ట్రెయిలర్లు తిరిగేది అక్కడే, ఇరుసులు పెరిగేకొద్దీ టోల్ పెరుగుతుంది. పెట్టుబడి పెట్టేవాడికి అక్కడే గేటు కావాలనిపించడం సహజం. "రోడ్డు గుల్ల చేసేది గ్రానైట్ లారీలైతే కట్టేది మేమా?" అని మీవాళ్లు అంటే అందులో న్యాయం ఉంది. ఆ మాటను కోపంగా అరిచేకంటే, పట్టణానికి 10 కిలోమీటర్ల నిబంధన మా రోడ్డుకూ వర్తింపజేయండి అని రాస్తే అధికారి దగ్గర దానికి విలువ ఉంటుంది.

రోడ్డు పక్కన స్తంభానికి కెమెరా కట్టో, చెట్టు కింద కుర్చీ వేసుకుని గీతలు గీస్తూనో ఎవరైనా వారం రోజులు రాత్రీ పగలూ బండ్లు లెక్కపెడుతుంటే గమనించండి. డీపీఆర్ (పనికి ముందు తయారుచేసే పూర్తి ప్రాజెక్టు నివేదిక) కోసం చేసే ట్రాఫిక్ సర్వే అది. అప్పటికింకా గేటు స్థలం కదిలించొచ్చు. టెండరు పిలిచాక కష్టం. సంతకాలయ్యాక దాదాపు అయిపోయినట్టే, ముఖ్యంగా టోల్ వసూలు చేసుకునే హక్కు కాంట్రాక్టరుకే ఇచ్చిన బీఓటీ రోడ్డయితే. అప్పుడు కొత్త మినహాయింపు ఇవ్వాలంటే ప్రభుత్వం అతనికి నష్టం పూడ్చాలి. హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి అయితే కాంట్రాక్టరుకు వాయిదాల్లో ప్రభుత్వమే కడుతుంది, టోల్ కూడా ప్రభుత్వానికే పోతుంది కాబట్టి తర్వాత కూడా బేరానికి కొంత వీలుంటుంది. మీది ఏ పద్ధతో తెలుసుకోకుండా అడుగు వేయొద్దు.

దానికి సమాచార హక్కు దరఖాస్తు చాలు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రోడ్లు భవనాల శాఖకు పెట్టి నాలుగు అడగండి: ట్రాఫిక్ సర్వే నివేదిక, గేట్లకు ప్రతిపాదించిన కిలోమీటరు, రోడ్డు ఏ పద్ధతిలో ఇస్తున్నారు, ముసాయిదా ఒప్పందంలో స్థానికుల రాయితీ భాగం. ఉన్న రోడ్డునే వెడల్పు చేసేటప్పుడు ప్రజాభిప్రాయ సభ పెట్టాల్సిన అవసరం చాలాసార్లు రాదు, కాబట్టి ఎవరో పిలుస్తారని ఎదురుచూడకండి. గ్రామసభ తీర్మానం చేయించి, దాని నకలుతో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

కోర్టు మాట కూడా కొందరు ఎత్తుతారు. కేరళలో త్రిస్సూర్ దగ్గర పాలియేక్కర గేటు వసూళ్లను 2025 ఆగస్టులో హైకోర్టు ఆపేసింది, సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. అయితే కారణం టోల్ అన్యాయమని కాదు. రోడ్డు పనులతో గంటల కొద్దీ ట్రాఫిక్ ఆగిపోతుంటే జనం దగ్గర డబ్బు ఎలా తీసుకుంటారని. అక్టోబరులో మళ్లీ వసూళ్లకు అనుమతి వచ్చింది. రోడ్డు పాడైతే ఆ దారి ఉంది, టోలే వద్దనడానికి అది పనికిరాదు.

ధర్నా వద్దని కాదు. అర్జీ ఇచ్చి, జవాబు రాకపోతే చేయండి, చేతిలో రసీదు పెట్టుకుని చేయండి. సంతకాలకు వెళ్లేటప్పుడు లారీ, మినీ వ్యాను ఓనర్లను, ట్యాక్సీ స్టాండు వాళ్లను ముందు కలవండి. రోజూ డబ్బు పోయేది వాళ్లకే కాబట్టి నెలల తరబడి వెంటపడే ఓపిక వాళ్లకే ఉంటుంది. జవాబు వచ్చాక గేటు ఏ కిలోమీటరు దగ్గరన్నారో ఇక్కడ రాయండి. మీ ఊరు 20 కిలోమీటర్ల లెక్కలోకి వస్తుందో లేదో చూసి, వినతిపత్రం రాయడంలో నాకు చేతనైన సాయం చేస్తాను.