తొంభై దాటిన నాయనమ్మకు క్రిస్మస్‌కి ఏం ఇవ్వాలి?

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు జిల్లా. ఉద్యోగాల కోసం హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా నాయనమ్మకు 92 ఏళ్లు, తెనాలి దగ్గర పల్లెలో బాబాయి వాళ్లింట్లో ఉంటుంది. ప్రతి క్రిస్మస్‌కి ఏదో ఒకటి కొంటాను, ఏదీ వాడదు. పోయినేడు ఇచ్చిన పట్టుచీర పాస్టరుగారి భార్యకు ఇచ్చేసిందని తెలిసి ఏడుపొచ్చింది. ఏం కావాలని అడిగితే "నాకెందుకమ్మా, ఇంకెన్నాళ్లుంటాను" అంటుంది. మావారి తాతగారికి 89. విజయవాడలో మా అత్తగారి దగ్గర ఉంటారు. మతిమరుపు జబ్బు, మమ్మల్ని గుర్తుపట్టరు. ఆయనకు కొనడం దండగ అంటారు మావారు. మా తోడికోడలు మాత్రం అందరికీ ఖరీదైనవి తెస్తుంది. డిసెంబరు వస్తోందంటే నాకు టెన్షన్. ఐదారు వేల దాకా పెట్టగలను. ఏం కొనమంటారు?

జవాబు: ముందు ఆ పట్టుచీర సంగతి చూద్దాం. 92 ఏళ్ల మనిషి పట్టుచీర ఎలా కట్టుకుంటుంది? బరువు, జారుడు, కుచ్చిళ్లు పెట్టాలంటే ఇంకొకరు కావాలి. అది మీ నాయనమ్మకు పనికిరాదు. కానీ మంచం దగ్గరికి వచ్చి ప్రార్థన చేసి వెళ్లే అమ్మగారికి పెట్టడానికి పనికొచ్చింది. కొన్నేళ్లుగా ఆ ఇంట్లో అన్నం, మాత్రలు, నీళ్లు అన్నీ ఆమెకు ఎవరో ఒకరు ఇస్తున్నవే. ఆమె చేత్తో ఎవరికైనా ఇచ్చే రోజు ఎన్నాళ్లకొచ్చిందో! మీరు ఇన్నేళ్లలో కొన్నవాటిలో సద్వినియోగమైంది ఆ చీర ఒక్కటేనని నా అభిప్రాయం.

అందుకే ఈసారి ఆమె పదిమందికీ ఇచ్చుకోగలిగినవి ఇవ్వండి. బ్యాంకులో అడిగి 10, 20, 50 రూపాయల కొత్త నోట్లు ఓ రెండు వేలకు తీసుకోండి. చిన్న కవర్లలో సర్ది, ఆమె చేతికందే సంచిలో పెట్టండి. ఆదివారం కానుకకు, మునిమనవళ్లకు, ఇల్లు ఊడ్చే అమ్మాయికి ఎవరికెంత ఇవ్వాలో ఆమే చూసుకుంటుంది. నెలకు 4,000 వృద్ధాప్య పింఛను వచ్చే ఇళ్లలో కూడా ఆ డబ్బు మందులకే పోతుంది, చేతిలో ఆడేది ఏమీ ఉండదు. బాబాయికి మాత్రం చెప్పే ఇవ్వండి. దిండు కింద డబ్బులెక్కడివని తర్వాత గొడవలు మొదలవుతాయి. అలాంటి ఉత్తరాలు కూడా నాకు వస్తుంటాయి.

క్యారల్స్ వాళ్లు ఆ వీధికి ఏ రాత్రి వస్తారో పిన్నిని కనుక్కుని, ఆ రోజుకు బిస్కెట్లు, టీ ఖర్చు మీరు పెట్టుకోండి. నాయనమ్మను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టమనండి. పళ్లెం ఆమె ఒళ్లో ఉండాలి. ఆ పూటకు ఇంటి పెద్ద ఆమే.

ఇక ఒంటికి కావలసినవి. ఒకసారి వెళ్లినప్పుడు ఫోను పక్కన పెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె ఎలా తిరుగుతోందో ఊరికే గమనించండి. స్వెటర్ కొంటే ముందు బొత్తాలున్నదే కొనండి. తల మీంచి వేసుకునేదైతే చేతులు పైకి లేవవు, విప్పేటప్పుడు ఇంకా కష్టం. అది 25 దాకా దాచకండి, చలి అప్పటిదాకా ఆగదు. చెప్పులకు మడమ వెనక పట్టీ ఉండాలి. సాయంత్రానికి పాదాలు వాస్తుంటే ఆ వేళే కొలత తీసుకోమనండి. చీర అయితే మెత్తబడిన మంగళగిరి నూలుది చాలు. వేడినీళ్ల సంచి మాత్రం వద్దు. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లకు చర్మం కాలినా తెలియదు.

బీపీ మిషను, వాకరు, బాత్రూములో పట్టుకునే కడ్డీ అవసరమైతే తప్పకుండా కొనండి, కానీ నవంబరులోనే. పండగ రోజు అందరి ముందు రంగు కాగితం చుట్టి ఇస్తే "నీ పని అయిపోయింది" అని చాటింపు వేసినట్టుంటుంది. తినేవి తీసుకెళ్లే ముందు పిన్నిని అడగండి. కిడ్నీ సమస్య ఉంటే డ్రై ఫ్రూట్స్ డబ్బా, ప్రొటీన్ పొడి డాక్టరు ఒప్పుకుంటేనే. పొడి కేకు ముక్క గొంతులో అడ్డం పడొచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, పాలలో నానబెట్టి పెట్టమనండి. అరిసె కూడా అంతే, పళ్లు లేని నోటికి అది రాయి.

పెద్దక్షరాల బైబిలు కొందామని మీకు తట్టే ఉంటుంది. మంచిదే, కానీ దాని బరువు ఎత్తి చూడండి. వణికే చేతుల్లో అది నిలవదు. 23, 91, 103, 121 కీర్తనలు, ఆమెకు ఇష్టమైన ఇంకో రెండు మూడు పాటలు కంప్యూటర్లో బాగా పెద్ద అక్షరాల్లో టైప్ చేసి, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించండి. నూటయాభైలో అయిపోతుంది. ఒళ్లో పెట్టుకుంటే పేజీ దానంతట మూసుకోదు. ఆమెకు చదువు రాకపోతే మీ పిల్లల గొంతుతో చదివి రికార్డు చేసి పంపండి.

"ఇంకెన్నాళ్లుంటాను" అన్నప్పుడు మీరేమంటారు? "అలా అనకు నాయనమ్మా" అని నోరు మూయిస్తుంటారు, అందరం చేసే పనే. ఈసారి అలా చేయకుండా "ఏమనిపిస్తోంది, చెప్పు" అని అడిగి పక్కన కూర్చోండి. కొందరు పెద్దావిడలు తమ చివరి రోజుకని తెల్లచీర ముందే మడిచి పెట్టుకుంటారు. అలాంటిది కొనిపెట్టమని ఆమె అడిగితే ఉలిక్కిపడకండి. కొనిచ్చేయండి. అది అడగడానికి ఇంట్లో ఇన్నాళ్లూ మనిషి దొరకలేదేమో!

తాతగారికి కొనడం దండగేమీ కాదు. పేర్లు మరిచిపోయినవాళ్లు కూడా చిన్నప్పటి కీర్తన వినిపిస్తే చాలాసార్లు గొంతు కలుపుతారు. ఒక్క బొత్తాం నొక్కితే మోగే చిన్న స్పీకరు కొని, ఆయన వయసువాళ్లు గుడిలో పాడుకున్న పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి. మెత్తటి శాలువా ఒకటి చాలు. సాయంత్రం పూట ఇలాంటివాళ్లకు కంగారు ఎక్కువవుతుంది, మిణుకుమనే లైట్లు, జనం తోడైతే చెప్పక్కర్లేదు. పొద్దున పూటే వెళ్లండి. "నేనెవరో చెప్పండి చూద్దాం" అని పరీక్ష పెట్టొద్దు. "తాతయ్యా, వందనాలు. నేను మీ మనవడి భార్యని" అని మీరే పేరు చెప్పుకుని పక్కన కూర్చోండి. ఆయన మిమ్మల్ని ఇంకెవరి పేరుతోనో పిలిస్తే పలకండి.

మీరు అడగకపోయినా ఒక మాట. ఆ ఇంట్లో ముందుగా కానుక అందాల్సింది మీ అత్తగారికి. రాత్రిళ్లు లేచేది, పక్క మార్చేది ఆమే. మీరూ మీవారూ సెలవు పెట్టి రెండు రోజులు తాతగారిని చూసుకుని, ఆమెను వాళ్ల చెల్లెలింటికో, క్రిస్మస్ ఆరాధనకో తీరిగ్గా పంపించండి. దండగన్న మాట మీవారు మళ్లీ ఎత్తితే ఆ రెండు రాత్రులూ డ్యూటీ ఆయనకే వేయండి.

తోడికోడలితో పోటీ మానుకోండి. వీలైతే ఫోన్ చేసి, స్పీకరు మనిద్దరం కలిసి కొందామా అని అడగండి. ఒప్పుకుంటే ఖర్చు సగమవుతుంది. ఒప్పుకోకపోతే ఆమె తెచ్చేది ఆమె తెస్తుంది, దాని ధర మీరు కనుక్కోవద్దు.